అది కంటివాళ్ల ఎలుక

పట్టాలు అందుకున్న మీకూ, ఫీజులు కట్టిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు. ఆ గౌన్లలో మీరు ఉడికిపోతున్నారు గనక నేరుగా ఎలుక దగ్గరికి వస్తాను.

కంట్లో లెన్స్ లేకుండా పుట్టే ఒక రకం ఎలుకల సంగతి 1968లో అచ్చయింది. కంటి పరిశోధకులు వాటిని పెంచారు, కళ్లు కోసి చూశారు, పేపర్లు రాసుకున్నారు. ఇంకోవైపు 1997లో పిట్‌ఎక్స్3 అనే జన్యువు, మెదడు మొత్తంలో మధ్యమెదడు డోపమిన్ న్యూరాన్లలోనే పనిచేస్తుందని తేలింది. మరికొన్నేళ్లకు ఈ గుడ్డి ఎలుకల్లో చెడింది ఆ జన్యువేనని బయటపడింది. అప్పుడుగానీ తల లోపలికి చూడాలని తోచలేదు. 2003లో చూస్తే ఏముంది? సబ్‌స్టాన్షియా నైగ్రా అనే మధ్యమెదడు భాగంలో డోపమిన్ న్యూరాన్లు దాదాపు లేవు. ఆ పక్కనే వెంట్రల్ టెగ్మెంటల్ ప్రాంతంలోవి చాలావరకు నిక్షేపంగా ఉన్నాయి. పార్కిన్సన్స్ జబ్బులో ఎక్కువగా పోయేవీ ఆ నైగ్రా న్యూరాన్లే. కంటికి అంగుళం దూరం కూడా లేని చోటు చూడ్డానికి 35 ఏళ్లు!

ఈ ఎలుకల మెదడు మీద పనిచేస్తానని నేను డబ్బులడిగితే ఒక కమిటీ “ఇది కంటివాళ్ల ఎలుక” అని ఫైలు తిప్పి పంపింది. కంటి కమిటీ “మెదడు మా పరిధి కాదు” అంది. ఆ ఫైలు తిరిగినన్ని ఊళ్లు నేను తిరగలేదు.

పిండంలో ఇలాంటి కమిటీలు లేవు. మధ్యమెదడు అడుగు నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్, వెనక అంచు నుంచి ఎఫ్‌జీఎఫ్8 సంకేతాలు వచ్చి, డోపమిన్ న్యూరాన్లు పుట్టాల్సిన చోటు ఖాయం చేస్తాయి. ఫాక్స్‌ఏ2, ఎల్‌ఎమ్‌ఎక్స్1ఏ జన్యువులు అందుకుంటాయి. తర్వాత నర్1 జన్యువు వచ్చి డోపమిన్ తయారీ ఎంజైమును మొదలుపెడుతుంది. అది లేని ఎలుకపిల్లల్లో ఈ న్యూరాన్లే కనబడవు, ఆ పిల్లలు పుట్టీపుట్టగానే చచ్చిపోతాయి. పిట్‌ఎక్స్3 అటు లెన్సునూ ఇటు నైగ్రానూ చూసుకుంటుంది, ఎవరి అనుమతీ అడక్కుండా. ఈ వరసను ల్యాబు పాత్రలో అనుకరించి పెంచిన కణాలనే 2018లో క్యోటోలో ఒక పార్కిన్సన్స్ రోగి మెదడులో పెట్టారు.

మన సంగతి వేరు. పొద్దున మీలో ఒకణ్ణి పక్క ల్యాబులో ఏం చేస్తారని అడిగాను. “అది జువాలజీ సార్” అన్నాడు. ఒరే నాయనా, మధ్యలో ఉన్నది ఒక్క గోడేగదరా!

భోజనాల దగ్గర ఉంటాను. పక్క డిపార్ట్‌మెంటు వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకొస్తేనే సెల్ఫీ.