చెలియలికట్ట లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము వెలసి ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభవేళ నన్నును రెండు మాటలు పలుకుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. చదివిన కొలదిపాటి భారత రామాయణములును ఈ బీరువాల చలువయే. కావున లెక్కకును కావ్యమునకును చెందిన విషయము నొకదాని నెన్నుకొంటిని. అది మనకు మూడు క్రోసుల దూరమున నున్న సముద్రము.

మనవారు సముద్రపు టొడ్డునకు చెలియలికట్ట యని పేరిడిరి. ఎంత యుప్పొంగినను సముద్రుడు దానిని దాటడని నమ్మకము. అయినను భారతమున మౌసలపర్వము ద్వారకను సముద్రము ముంచెత్తిన సంగతియు చెప్పుచున్నది. రామాయణమున సముద్రుడు రామున కిచ్చిన సమాధానము నాకు మరింత నచ్చును: పంచభూతములు తమ స్వభావమును విడువవట, తానును అంతేయట. ఆ స్వభావమేమో చూతము.

మూతివఱకు నీరు నింపిన బిందెను పొయ్యిపై నుంచుడు. నీరు మరుగక పూర్వమే కొన్ని చుక్కలు అంచు దాటి జారును. వేడికి నీరు ఉబ్బుటయే కారణము. బొగ్గును, పెట్రోలును కాల్చగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు భూమికి దుప్పటి కప్పినట్లు వేడిమిని పట్టి యుంచును. స్వీడను దేశపు ఆర్హీనియసు దీనిని 1896లోనే లెక్కగట్టెను. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన యీ వాయువు, 1958లో హవాయి ద్వీపమందలి మౌనా లోవా పర్వతముపై కీలింగు కొలువ మొదలిడునాటికి 315 అయినది. ఇప్పుడు 420 దాటినది. ఇట్లు పోగైన వేడిమిలో నూటికి తొంబది పాళ్ళకు పైగా సముద్రమే పుచ్చుకొనుచున్నది. దానికి తోడు గ్రీన్‌లాండు, అంటార్కిటికాల నేలపై నున్న మంచు కరగి వచ్చి చేరుచున్నది. 1901 నుండి 2018 లోపల సముద్రమట్టము ప్రపంచపు సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. మొదట ఏటికొక మిల్లీమీటరు చిల్లరగా నున్న పెరుగుదల, 2006 తరువాత మూడున్నరకు మించినది.

మిల్లీమీటర్లకా యింత గోల యని తమరనవచ్చును. చక్రవడ్డీ పత్రముపై చేవ్రాలు చేసిన రైతు అట్లనడు. పైగా మనది పళ్ళెమువంటి నేల. ఇచట నిలువున జానెడు నీరు పెరిగిన, అడ్డమున ఎంత దూరము ప్రాకునో కాలువగట్టున తిరుగువారి కెఱుకయే. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో దివిసీమను ఉప్పెన ముంచగా పదివేలకు పైగా జనులు మడిసిరి. ఇకమీద వచ్చు ఉప్పెన ఏదైనను పెరిగిన మట్టముపై నుండియే లేచును.

ఇక మన డెల్టా సంగతి. ఇది నది జమకట్టిన ఆస్తి. గోదావరి ఏటేట ఒండ్రు తెచ్చి జమ వేయును. సముద్రము కోసి ఖర్చు వ్రాయును. జమ యెక్కువగా నున్నంతకాలము నేల పెరిగినది. ఎగువ జలాశయములు నీటితోబాటు ఒండ్రును నిలుపుకొనుటచే, 1970ల నాటితో పోల్చిన 1990ల నాటికే గోదావరి తెచ్చు ఒండ్రు సగమునకు పైగా తగ్గినదని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తేల్చినారు. జలాశయములు వలదని నేననను. ఆ నీటితోనే మన వరి పండుచున్నది. కాని జమ తగ్గి ఖర్చు పెరిగిన ఖాతా ఏమగును? ఉప్పాడకు పోయి చూడుడు. అచట ఇండ్లు, బాటలు సముద్రమున కలిసిపోవుట కండ్లార చూచినవారు నేటికిని ఉన్నారు.

తీరగ్రామపు రైతొకడు తన పట్టా కాగితములను నా యెదుట పరచెను. సర్వే నంబరున్నది, విస్తీర్ణమున్నది, తండ్రి పేరున్నది, భూమి లేదు. అది అలల క్రింద నున్నది. “ఏ యేట ఎంత పోయినదయ్యా?” యని యడిగితిని. “ప్రతి యేడును కొంత కొంతగా పోయినదండీ, ఎవరు కొలిచినారు?” అనెను. ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాయుచున్న నాకు ఆ కాగితముపై వ్రాయుటకు ఒక్క అంకె దొరకలేదు. భూమి పోయినందుకు ఏడ్చిన వానిని చూచితిని గాని, పోయిన దినము చెప్పలేక ఏడ్చిన వానిని నాడే చూచితిని.

ఈ పొగలో మన పాలెంత యని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. తలసరి లెక్కలో భారతీయుని పాలు ప్రపంచ సగటులో సగమునకును తక్కువ. ముందుగా ధనవంతములైన దేశములే ఈ బాకీలో పెద్దభాగము తీర్చవలెను. కాని మడ అడవిని నరికిన గొడ్డలి మనదే. కోరంగి మడలు అలల విసురును తగ్గించునని మన జాలరు లెఱుగుదురు. ఆ మడ చెట్టు ఒక్కటియు పొయ్యిలోనికి పోరాదు. బావులు ఉప్పెక్కినవని నెపమంతయు సముద్రముపై నెట్టుటయు తగదు. రొయ్యల చెరువుల ఉప్పునీరు ఎచటికి పోవుచున్నదో, బోర్లు ఎంత లోతు దిగినవో కూడ చూడవలెను.

మన గ్రంథాలయమునకు ఒక విన్నపము. ఒక గట్టి అట్ట పుస్తకము తెరువుడు. మురుగుకాలువ వంతెన స్తంభముపై కొలత గీతలు గీయింపుడు. ప్రతి పౌర్ణమికిని, అమావాస్యకును పోటు ఏ గీత దాక వచ్చెనో, ఏ బావి నీరు ఉప్పనైనదో, తేదీతో, ఇద్దరు సాక్షుల సంతకములతో వ్రాయుడు. పాఠశాల విద్యార్థులు సంతోషముగా చేయుదురు. పుస్తకమును, రంగును నేను తెచ్చెదను. నిచ్చెన మాత్రము ఎవరైన ఈయవలెను. రాబోవు పౌర్ణమినాడే మొదలిడుదము.