రాతకు భయపడ్డ సర్కారు



పేపరులో నిజం రాసినందుకు జైలుకు పోయిన ఒకాయన కథ వినండి. పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఆయన పెద్దలది మన పులివెందుల పక్క సింహాద్రిపురం. ఆయన 1883లో కర్నూలులో పుట్టాడు.

రాజమండ్రిలో పంతులు చదువు చదువుతుండగా 'వందేమాతరం' అన్నాడని 1907లో కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. ఆయన బెదరలేదు. బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపాడు. 1908లో తిరునల్వేలిలో తెల్లదొరల పోలీసులు జనాన్ని కాల్చారు. అది అన్యాయమని పత్రికలో రాశారు. దానికి ఆయనకు మూడేండ్లు జైలు!

బయటికొచ్చినాక ఊరూరా గ్రంథాలయాలు కావాలన్నాడు. పెద్దల చదువు కోసం పాటుపడ్డాడు. రాసేవాళ్లుంటే చాలునా? చదివేవాళ్లూ ఉండాల కదా! 1960లో ఆయన కన్నుమూశాడు.

అక్కలారా! ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో పొద్దున్నే పేపరు వస్తాది. ఇంక ఎవరో చదివి చెప్పేదాకా కాచుకోవద్దు. రోజుకొక వార్త మీరే చదవండి. పక్కింటామెకూ వినిపించండి.