డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్: ఊళ్లో హీరో, అడవిలో జీరో

ఖమ్మంలో మా డాబా మీద నుంచి తీసిన రోజెట్ నెబ్యులా చూసి చాలామంది అడిగారు, "బ్రో, ఇన్ని వీధిలైట్ల మధ్య ఎలా?" అని. అంతా డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పుణ్యమే.

కంటికి కనిపించే వెలుగు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు. ఈ ఫిల్టర్ అందులో రెండు సన్నని సందులే వదులుతుంది. ఒకటి 656 దగ్గర, హైడ్రోజన్ ఎరుపు. రెండోది 501 దగ్గర, ఆక్సిజన్ నీలి ఆకుపచ్చ. రోజెట్ లాంటి నెబ్యులాల్లో వాయువు గట్టిగా వెలిగేది అక్కడే. పాత సోడియం లైట్ల పసుపు 589 దగ్గర ఉంటుంది, అది ఆగిపోతుంది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు మాత్రం అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది, కొంత దూరుతుంది.

ఇక నా తెలివి చూడండి. జనవరిలో కిన్నెరసాని వైపు, అడవి అంచున తెలిసినవాళ్ల చేనుకి వెళ్లా. చీకటంటే చీకటి! పాల్వంచ పవర్ ప్లాంట్ దిక్కు మాత్రమే కాస్త తెల్లగా ఉంది. ఫిల్టర్ తీయకుండానే కృత్తిక మీద మూడు గంటలు తీశా. ఇంటికొచ్చి ఫోటోలన్నీ కలిపితే చుక్కలే ఉన్నాయి, ఆ నీలి పొగ లేదు! ఎందుకంటే అక్కడున్న ధూళి సొంతంగా వెలగదు, నక్షత్రాల వెలుగునే వెదజల్లుతుంది. దాన్ని నా ఫిల్టరే ఆపేసింది. ఆండ్రోమెడా గెలాక్సీకీ దాదాపు ఇదే కథ.

ఇంకోటి, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ ముందుండే అద్దం ఆ హైడ్రోజన్ ఎరుపుని చాలావరకు కోసేస్తుంది. మీదీ అలాంటిదే అయితే ఫిల్టర్ డబ్బులు దాచుకోండి, భద్రాచలం బస్సెక్కండి.

నేనైతే వచ్చే అమావాస్యకి మళ్లీ అదే చేనుకి. ఈసారి ఫిల్టర్ ఇంట్లోనే.