తుప్పును తట్టుకున్న పైన్ చెట్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“నీకు తెలిసిన విషయం ఏదైనా పది నిమిషాలు చెప్పు” అన్నారు కార్యదర్శి గారు. నా వృత్తి ఎయిర్ కండిషనింగ్ ఇంజనీరింగ్. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఇరవై ఏళ్లుగా అదే పని. కానీ ఈ రోజు పైన్ చెట్లకు వచ్చే ఒక తెగులు గురించి చెబుతాను.

మా రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ అనే ఊరి దగ్గర డొరీనా అనే కేంద్రం ఉంది. తెగుళ్లను తట్టుకునే చెట్ల కోసం అక్కడి అటవీ శాఖ దాన్ని 1966లో పెట్టింది. అక్కడ ఒక పొగమంచు గది ఉందని విని, వృత్తి మీద ఆసక్తి కొద్దీ చూడ్డానికి వెళ్లాను. గది నిండా చిన్న చిన్న పైన్ మొక్కలు. వాటి పైన వల పరిచి, వల మీద ఏవో పొద ఆకులు పేర్చారు. నూటికి నూరు పాళ్లు తేమ, పదహారు పదిహేడు డిగ్రీల చల్లదనం. జీవితమంతా గదుల్లో తేమ తగ్గించడానికే జీతం తీసుకున్న నాకు అది వింతగా తోచింది. అక్కడి ఆవిడ ఒక ఆకు తిరగేసి చూపించారు. అడుగున ఇటుక రంగు.

ఒక్కసారిగా మా చేను గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా శనక్కాయ పంటకు తుప్పు తెగులు తగిలింది. నాన్న ఇలాగే ఆకు తిరగేసి వేలితో రుద్దితే వేలికి ఇటుక పొడి అంటింది. ఆకు మాడిపోయింది, కాయలో గింజ నిండలేదు. ఆ ఏడు నా ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదు.

ఆ తుప్పు, ఈ తుప్పు ఒకటి కావు. రెండూ శిలీంధ్రాలే, దూరపు చుట్టాలు. పైన్ తుప్పు ఆసియా నుంచి యూరప్‌కు, అక్కడి నుంచి అమెరికాకు చేరింది. పశ్చిమ తీరానికి 1910లో ఫ్రాన్స్ నుంచి వాంకోవర్‌కు తెచ్చిన నారు మొక్కలతో వచ్చింది. ఆకులు సూదుల్లా ఐదేసి చొప్పున గుత్తిగా ఉండే పైన్లకే ఇది సోకుతుంది. సూది ఆకులోంచి కొమ్మకు, కొమ్మలోంచి మానుకు పాకి, బెరడు చుట్టూ పుండు పడి చెట్టు ఎండిపోతుంది. అక్కడి చెట్లు ఈ శత్రువును ఎన్నడూ ఎరగవు. ఐడహో రాష్ట్రంలో తెల్ల పైన్ అడవులు చాలావరకు పోయాయి.

ఈ తెగులుకు ఒక బలహీనత ఉంది. ఒక పైన్ నుంచి ఇంకో పైన్‌కు నేరుగా అంటదు. మధ్యలో గూస్‌బెర్రీ జాతి పొదల మీద కొంత కాలం బతకాలి. నేను వల మీద చూసింది ఆ ఆకులే. అయితే ఆ పొదలన్నీ పీకేస్తే సరి కదా? ఇంజనీరుగా నేనూ అదే అనేవాణ్ణి. వాళ్లూ అదే చేశారు. 1930లలో వేల మంది నిరుద్యోగ యువకులను పెట్టి కోట్ల కొద్దీ పొదలు పీకించారు. మట్టిలో మిగిలిన వేళ్లు, గింజలు మళ్లీ మొలిచాయి. 1960లు ముగిసేసరికి పశ్చిమ రాష్ట్రాల్లో ఆ పని వదిలేశారు.

ఈలోగా 1950లో రిచర్డ్ బింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త మరో దారి పట్టారు. చుట్టూ చెట్లన్నీ చస్తున్న చోట ఒకటీ అరా పచ్చగా ఎందుకు నిలబడ్డాయని వెతికి, వాటిని ఒకదానితో ఒకటి సంకరం చేసి, విత్తనం తీశారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో వేరుశనగ తుప్పు మీద జరిగిందీ ఇలాంటి వెతుకులాటే.

1970లో కాలిఫోర్నియాలో షుగర్ పైన్ చెట్లలో ఒక గొప్ప జన్యువును కనుక్కున్నారు. అది ఉన్న చెట్టులో శిలీంధ్రం చేరిన చోట ఆకు కణాలు తామే చచ్చిపోయి దారి మూసేస్తాయి. ఒక్క తాళం, గట్టి తాళం. కానీ ఆ దశాబ్దం ముగియకముందే హ్యాపీ క్యాంప్ అనే చోట ఆ తాళం తీయగల కొత్త తుప్పు రకం పుట్టింది. అంతవరకు ఏ తెగులూ లేని చెట్లకే పుండ్లు పడ్డాయి.

అందుకే డొరీనాలో ఇప్పుడు ఇంకో రకం మొక్కల కోసం కూడా చూస్తారు. వాటికి తెగులు తగులుతుంది, పుండూ పడుతుంది. అయినా బెరడు మెల్లగా ఆ పుండును అడ్డుకుంటుంది, మొక్క బతుకుతుంది. ఇది ఒక్క జన్యువు పని కాదు, చాలా జన్యువులు తలా కొంచెం చేసే పని. కాబట్టి తుప్పు దాన్ని గెలవడం కష్టం. అది తేలాలంటే ఒక్కో మొక్కను ఏళ్ల తరబడి గమనించాలి. మచ్చ పడిందని మొక్కను పారేస్తే ఆ గుణం ఎప్పటికీ దొరకదు.

ఇది తీరికగా చేసే పని కాదు. కొండ శిఖరాల మీద పెరిగే వైట్‌బార్క్ పైన్‌ను 2022 డిసెంబరులో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. ప్రధాన కారణం ఈ తుప్పే. ఆ చెట్టు కాయ కాయడానికే దశాబ్దాలు పడుతుంది. ఈ రోజు విత్తనం వేస్తున్నవాళ్లు దాని కాయలు చూడకపోవచ్చు. అయినా వేస్తున్నారు.

మిత్రులారా, ఆ ఏడు నా ఫీజు కట్టింది మా లెక్కల మాస్టారు. అప్పుడు నేను ఫస్టు వచ్చే పిల్లవాణ్ణి కాదు. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలు తప్పాను కూడా. ఆయన ఇప్పుడు లేరు.

మన సంఘం ఏటా ఫస్టు వచ్చిన ఒక్కరికే బహుమతి ఇస్తోంది. అది మానమని అనను. దానితో పాటు ఒకసారి తప్పినా బడి వదలని పిల్లలకు ఫీజు, సాయంత్రం తరగతులు ఏర్పాటు చేయాలని నా మనవి. మొదటి ఐదేళ్ల ఖర్చు నాది. ఫలితం ఏడాదికే అడగవద్దు. ఆ మొక్కలను గమనించినట్టే ఓపికగా గమనిద్దాం.