పైసా ఖర్చులేని భద్రత

మన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ దగ్గర్లోనే కాపరముంటున్నా వెబ్‌సైట్ల గొడవ మనకెందుకులే అనుకునేదాన్ని. మా చెల్లెలు పచ్చళ్ళు అమ్ముకోవడానికి ఒక సైటు పెట్టించుకునేవరకూ అంతే!

"మీ సైటు తెరిస్తే 'నాట్ సెక్యూర్' అని వస్తోందండీ, అడ్రసు రాయాలంటే భయంగా ఉంది" అని ఫోన్లు మొదలయ్యాయి. భద్రతా సర్టిఫికెట్ లేని సైట్లకు క్రోమ్ బ్రౌజరు 2018 జూలై నుంచి ఆ మాట తగిలిస్తోంది. సైటు కట్టినతన్ని అడిగితే సర్టిఫికెట్టుకు ఏటా కొన్ని వేలవుతుందన్నాడు.

నిజానికి పైసా అక్కర్లేదు. అమెరికాలో లాభాపేక్ష లేకుండా నడిచే 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' 2015 చివరినుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. మీ సైటుకు చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీనే అడగండి. చాలా కంపెనీలు తామే పెట్టేస్తాయి. దాని గడువు మహా అయితే 90 రోజులు. అందుకని దానంతటదే రెన్యూ అవుతుందో లేదో కూడా తప్పక అడగండి.

ఇంతకీ అది చేసే పనేమిటంటారా? కార్డు ముక్క మీద రాసిన సంగతిని కవరులో పెట్టి అంటించడం లాంటిది. మధ్యదారిలో ఎవరూ చదవలేరు. అయితే కవరు అంటించి ఉన్నంత మాత్రాన రాసినవాడు మంచివాడని కాదు సుమండీ! మోసగాళ్ళూ ఈ సర్టిఫికెట్ తెచ్చుకోగలరు. కనుక ఎక్కడైనా డబ్బు కట్టేముందు సైటు పేరు అక్షరం అక్షరం చూసుకోండి.

మా చెల్లెలు అరగంటలో ఆ పని ముగించుకుంది. మిగిలిన డబ్బుతో ఈ ఏడు ఆవకాయకు నాలుగు కొత్త జాడీలు కొనుక్కుంది. సెలవు.