13వ స్థానం నుంచి ఫస్ట్ ప్లేస్ దాకా: తుఫాను నేర్పిన సోలార్ ఇల్లు

ఈ రోజు ఒక ఇంటి గురించి చెప్తాను. స్టూడెంట్స్ కట్టిన ఇల్లు. ఉన్నది అమెరికాలో, కానీ దాని బాధ మాత్రం అచ్చం మన కోనసీమ బాధే.

సోలార్ డెకాథ్లాన్ అని ఒక పోటీ. అమెరికా ఇంధన శాఖ 2002లో మొదలుపెట్టింది. 2015 నాటి పోటీలో కాలేజీ టీమ్‌లు ఎండతో నడిచే ఇల్లు నిజంగా కట్టి చూపించాల్సి ఉండేది. పది విభాగాలు, 1000 మార్కులు. కరెంటు ఎంత వచ్చింది, లోపల చల్లగా ఉందా, వేడినీళ్లు వస్తున్నాయా, అన్నీ కొలిచేవారు. పీపీటీ చూపించి బయటపడటం కుదిరేది కాదు.

న్యూజెర్సీలో హొబోకెన్ అనే ఊళ్లో, హడ్సన్ నది ఒడ్డున, స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2011లో వీళ్లు న్యూయార్క్ పార్సన్స్ కాలేజీతో కలిసి ఇల్లు కట్టారు. వచ్చింది 13వ స్థానం. కానీ అదే ఇల్లు తక్కువ ఖర్చు విభాగంలో బెల్జియం టీమ్‌తో సమానంగా ఫస్ట్! మనమైతే "పోయిందిరా" అని ఒక్క మాటలో తేల్చేస్తాం, మార్కుల షీట్ విడివిడిగా చదవం. 2013లో నాలుగో స్థానం. 2015లో ఫస్ట్.

మధ్యలో ఇంకోటి జరిగింది. 2012 అక్టోబర్‌లో శాండీ తుఫాను హొబోకెన్‌ని ముంచేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే 2015 టీమ్ కరెంటు బిల్లు దగ్గర ఆగలేదు. వరదొచ్చి లైన్లు తెగితే ఈ ఇల్లు ఏం చేస్తుందని అడిగింది.

ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటి చెప్పాలి. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపిన మామూలు రూఫ్‌టాప్ సోలార్, కరెంటు పోగానే తనూ ఆగిపోద్ది. ఎండ మండిపోతున్నా సరే! లైను మీద పనిచేసే లైన్‌మాన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ కావాలనే ఆపేస్తుంది. అంటే తుఫాను తర్వాత, సరిగ్గా అవసరమైనప్పుడే, పైన ప్యానెళ్లుండీ కింద చీకటి.

స్టీవెన్స్ వాళ్లు లైను నుంచి విడిపోయి పగలు సొంతంగా నడిచే ఏర్పాటు పెట్టారు. బయట గోడకి ఫోన్ చార్జింగ్ పాయింట్లు కూడా, ఇరుగుపొరుగు కోసం. గోడల కింది భాగానికి పడవల తయారీలో వాడే ఫైబర్ తొడుగు. మామూలు రోజుల్లో నీడనిచ్చే తలుపులే తుఫానుకి కిందకి దిగి అద్దాలకి అడ్డం. ఆ చార్జింగ్ పాయింట్ల ఆలోచనకే నేను ఎక్కువ మార్కులేస్తాను.

మనకిది కొత్తా? 1996 నవంబర్ 6 తుఫాను గురించి అమలాపురం వైపు ఏ తాతగారినడిగినా చెప్తారు. వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టం. లంక గ్రామాల్లోకైతే గోదావరి పొంగినప్పుడల్లా నీళ్లే.

మరి మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు? కొన్ని డబ్బులిచ్చి కొన్నవే, అందులో రీడింగ్‌లన్నీ పర్ఫెక్ట్. నిజంగా చేసి ఫెయిలైనవాడేమో రికార్డులో ఆ పేజీ రాయడు, వైవాలో తిడతారని భయం. తర్వాతి బ్యాచ్ మళ్లీ సున్నా నుంచి మొదలు. 2011లో స్టీవెన్స్‌లో కట్టినవాళ్లలో చాలామంది 2015కి కాలేజీలోనే ఉండరు కదండీ!

మన దేశంలో సోలార్ డెకాథ్లాన్ ఇండియా 2020లో మొదలైంది. టీమ్ కట్టాలనుకుంటే ముందు మీ సీనియర్ల దగ్గరికెళ్లి, పనిచేయని ప్రాజెక్టు రీడింగ్‌లే అడగండి. ఇన్వర్టర్ రకాలు, బ్యాటరీ ఖర్చు వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.