లూకాస్ మనకేం బాకీ?

(అమెరికాలో ఒక కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ వారం క్షమించడం గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. కంగారు పడకండి, ఆధ్యాత్మిక ప్రసంగం కాదు. సినిమా సంగతే. స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకాస్‌ని ఆయన అభిమానులు క్షమించాలా, అక్కర్లేదా అన్నది ఈ దేశంలో పాతికేళ్ళకు పైగా నలుగుతున్న తగువు. 2010లో దీని మీద ఏకంగా ఒక డాక్యుమెంటరీయే వచ్చింది. పేరు "ది పీపుల్ వర్సెస్ జార్జ్ లూకాస్". అచ్చం కోర్టు కేసులాగా. ఆ కేసులో నేనూ ఒక ఫిర్యాదీనే. ఇవాళ నా ఫిర్యాదు కొంత వెనక్కి తీసుకుందామని వచ్చాను. అంతా కాదు, కొంతే.

ముందు నా సంగతి చెప్పాలి. నేను 1985లో చదువుకోడానికి ఒహాయో వచ్చాను. చలికాలం, ఊళ్ళో ఎవరూ తెలీదు, నా ఇంగ్లీషు ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక శుక్రవారం రాత్రి మా రూమ్మేట్ స్టార్ వార్స్ మూడు వీడియో కేసెట్లూ అద్దెకు తెచ్చాడు. తెల్లవారుజాము దాకా చూశాం. కత్తులు, గుర్రాల బదులు రాకెట్లు, మాయలు, రాక్షసుడి కోటలో రాజకుమారి, చివరకు ఆ రాక్షసుడే తండ్రి అని తేలడం. నాకు ఇదేమీ పరాయి కథ అనిపించలేదు. తెనాలిలో నేల టిక్కెట్టు కొనుక్కుని చూసిన జానపదాలకు చుట్టంలా ఉంది. ఈ దేశంలో నాకు అర్థమైన మొదటి విషయం అదేనేమో.

1977 మే 25న మొదటి సినిమా విడుదలైనప్పుడు దేశం మొత్తం మీద 32 హాళ్ళలో వేశారు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. 1980లో రెండోది, 1983లో మూడోది. ఆపైన పదహారేళ్ళు ఏమీ లేదు. 1998 నవంబరులో కొత్త సినిమా ట్రైలర్ వేస్తున్నారంటే, జనం ఆ ట్రైలర్ కోసం "మీట్ జో బ్లాక్" అనే వేరే సినిమాకి టిక్కెట్లు కొని, ట్రైలర్ కాగానే లేచి వెళ్ళిపోయారు. హాలీవుడ్‌లో చైనీస్ థియేటర్ ముందు వారాల తరబడి లైన్లో కూర్చున్నారు.

1999 మే 19న "ది ఫాంటమ్ మెనేస్" వచ్చింది. మేమప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. మా నాన్నగారు ఆ వేసవికి ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మా అబ్బాయికి ఏడేళ్ళు. ముగ్గురం కలిసి వెళ్ళాం. వాణిజ్య పన్నుల గొడవతో కథ మొదలైంది. ఆ తర్వాత సభలో చర్చలు. పెద్ద నటులంతా పాఠం ఒప్పజెప్పినట్టు మాట్లాడుతున్నారు. ఇక జార్ జార్ బింక్స్ అని పెద్ద చెవుల పాత్ర ఒకటి. కాళ్ళూ చేతులూ అదుపులో ఉండవు, మాట సరిగ్గా పలకదు, పట్టుకున్నదల్లా పడేస్తుంది. నాకు ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళుగా దాచుకున్నది ఎవరో తీసి బజార్లో పారేసినట్టు అనిపించింది.

మా అబ్బాయి మాత్రం పగలబడి నవ్వాడు. మా నాన్నగారూ నవ్వారు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. బయటికొచ్చాక "వీడెవడ్రా, మన లంబూ జంబులకు తమ్ముడిలా ఉన్నాడు" అన్నారు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి దగ్గర మాటలు తప్పు పలికే రాక్షసులు గుర్తున్నారుగా, వాళ్ళన్నమాట.

ఆ శనివారం మా ఇంట్లో నలుగురు స్నేహితులు భోజనానికి వచ్చారు. నేను జార్ జార్ నడకా మాటా అనుకరించి చూపించాను. ఇలాంటిది నచ్చినవాడికి బుర్రలేదని తేల్చి చెప్పాను. అందరూ నవ్వారు. మెట్ల మీద కూర్చున్న మా వాడిని నేను చూడలేదు.

ఇక్కడ మా నాన్నగారి మాట ఒకటి చెప్పాలి. ఆ రాత్రి నా కోపం చూసి ఆయన కె. వి. రెడ్డిగారి సంగతి ఎత్తారు. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1961లో జగదేకవీరుని కథ తీసిన మనిషి. ఆయన పేరు చూసి మా నాన్నగారు మొదటి ఆటకు పరుగెత్తేవారట. 1965లో సత్య హరిశ్చంద్ర వచ్చింది, ఆడలేదు. 1968లో ఉమా చండీ గౌరీ శంకరుల కథ వచ్చింది. అదే విజయా వారి బ్యానరు, అదే రామారావుగారు. అదీ ఆడలేదు.

"మరి మీకు కోపం రాలేదా నాన్నగారూ?" అన్నాను.

"దిగులేసింది. కోపమెందుకురా? మాయాబజార్ ఇచ్చినవాడికి మనమే బాకీ. ఆయన మనకేం బాకీ?" అన్నారు.

తర్వాత రామారావుగారే పిలిచి తన సొంత సంస్థలో శ్రీకృష్ణసత్య చేయించారు. అది 1971 చివర్లో వచ్చింది, ఆడింది. మరుసటి ఏడాదే కె. వి. రెడ్డిగారు పోయారు. రెండు సినిమాలు పోయాయని ఆయన్ని వదిలేసి ఉంటే ఆ ఆఖరి సినిమా ఉండేది కాదు.

నాన్నగారి మాట అప్పుడు నాకు రుచించలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా ఒప్పుకోను. కానీ బాకీ అన్న మాట పట్టుకుని ఆలోచిస్తే తగువు కొంచెం విడిపోయింది. మనం లూకాస్ మీద పెట్టిన కేసు నిజానికి ఒకటి కాదు, రెండు. ఒకదానికొకటి సంబంధం లేదు.

మొదటిది, సినిమా బాగాలేదన్నది. దీనికి క్షమాపణ అన్న మాటే పొసగదు. క్షమించాలంటే ముందు తప్పు చేసి ఉండాలి. టిక్కెట్టు కొనేటప్పుడు మనం ఒక మనిషి ప్రయత్నాన్ని చూడ్డానికి కొంటాం. మన ఒహాయో రాత్రిని తిరిగి ఇస్తానని ఆయన ఎక్కడా రాసివ్వలేదు. పైగా ఆయన చేసినది తేలికైన పని కాదు. ఆ మూడు సినిమాలకూ సొంత డబ్బు పెట్టాడు. అందరికీ తెలిసిన కథానాయకులతోనే మరో మూడు తీసి డబ్బు చేసుకోవచ్చు. అలా కాకుండా, మంచి పిల్లవాడు ఎలా చెడిపోయాడు, ప్రజలు చప్పట్లు కొడుతుండగా ప్రజాస్వామ్యం ఎలా పోయింది అన్న కథ ఎత్తుకున్నాడు. 2002లో రెండో సినిమా మొత్తం డిజిటల్ కెమెరాలతో తీశాడు. అప్పటికి అంత పెద్ద సినిమాను అలా తీసినవాళ్ళు లేరు. చేతగానిచోట చేతకాలేదు. సంభాషణలు రాయడం ఆయనకు రాదు. మొదటి మూడింటిలోనూ ఆ లోటును వేరేవాళ్ళు పూడ్చారు. రెండోదానికి ఇర్విన్ కెర్ష్‌నర్ దర్శకుడు, మూడోదానికి రిచర్డ్ మార్క్వాండ్. ఈసారి ఆయనకు అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇది విమర్శ, చెయ్యచ్చు. అపరాధం మాత్రం కాదు.

"మనం కొన్న టిక్కెట్లతోనే కదా ఆయన ఇంతవాడయ్యాడు" అంటారు కొందరు. నిజమే. కానీ హోటల్లో ఇరవై ఏళ్ళు దోసె తిన్నంత మాత్రాన వంటవాడు మనకు రుణపడిపోడు. దోసె తిన్నాం, డబ్బిచ్చాం. చెల్లు.

రెండో కేసు వేరు. దీంట్లో నా ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. 1997లో ఆయన పాత మూడు సినిమాలకూ మార్పులు చేసి మళ్ళీ విడుదల చేశాడు. కొత్త బొమ్మలు చేర్చాడు. హాన్ సోలో ముందుగా కాల్చే చోట, అవతలివాడు ముందు కాల్చినట్టు మార్చాడు. సొంత సినిమా, మార్చుకోనీండి. కానీ పాతదాన్ని దొరకకుండా చేశాడు. 2004లో డీవీడీలు వచ్చినప్పుడు మార్చినవే వచ్చాయి. పాతది తన దృష్టిలో సగం పూర్తయిన సినిమా అని ఆయన అప్పట్లో అన్నాడు. 2006లో ఒకసారి పాత రూపం అదనపు డిస్కుగా ఇచ్చారు కానీ, అది లేజర్ డిస్క్ కోసం ఎప్పుడో చేసిన మాస్టర్ నుంచి తీసినది, మసకమసకగా ఉంటుంది.

ఇందులో చిత్రమేమిటంటే, 1988 మార్చిలో ఇదే లూకాస్ వాషింగ్టన్ వెళ్ళి సెనేట్ సబ్‌కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. అప్పట్లో పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల హక్కులు కొన్నవాళ్ళు వాటికి రంగులు వేస్తున్నారు. అది అనాగరికమని, సినిమా మీద యజమాని హక్కు కంటే ప్రజల హక్కు పెద్దదని ఆయన గట్టిగా వాదించాడు. మరుసటి ఏడాది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశం భద్రపరచుకోవలసిన సినిమాల మొదటి జాబితా వేసింది. ఆ పాతికలో స్టార్ వార్స్ ఒకటి. అంటే ఆయన మాట ప్రకారమే అది ఆయన ఒక్కడిదీ కాదు.

మన మాయాబజార్‌కీ 2010లో రంగులు వేసి విడుదల చేశారు. అడగడానికి కె. వి. రెడ్డిగారు లేరు. కొందరికి నచ్చింది, కొందరు ముఖం చిట్లించారు. కానీ నచ్చనివాళ్ళు నలుపు తెలుపు మాయాబజార్ హాయిగా చూసుకోవచ్చు, దాన్నెవరూ దాచలేదు. లూకాస్ దగ్గర మనం అడిగింది ఆ మాత్రమే. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1977 నాటి అసలు ప్రింటు వేస్తే పెద్ద వార్త అయింది. సినిమా యథాతథంగా వేస్తేనే వార్త అయిందంటే అది ఎంతకాలం దాగి ఉందో చూడండి.

కాబట్టి లెక్క చూస్తే, చెడ్డ సినిమాలకు క్షమాపణ అక్కర్లేదు. మంచి సినిమాని దాచినందుకు ఫిర్యాదు ఉంది. ఇంతటితో కూర్చుంటే బాగుండేది. కానీ ఇంకో పద్దు ఉంది, అది మన ఖాతాలోది.

జార్ జార్ వేషం వేసినాయన పేరు ఆహ్మద్ బెస్ట్. అప్పటికి పాతికేళ్ళ నల్లజాతి యువకుడు. పూర్తిగా కంప్యూటర్ మీద తయారైన ప్రధాన పాత్రల్లో అది తొలినాటిది. తర్వాత వచ్చిన అలాంటి పాత్రలన్నీ అతను నడిచిన బాటలోనే నడిచాయి. ఆ పాత్ర మాటతీరు కరీబియన్ నల్లవాళ్ళను వెక్కిరించినట్టుందని కొందరు అన్నారు, అది ఆలోచించవలసిన విమర్శే. కానీ మిగతా తిట్లన్నీ ఆ కుర్రాడి మీద పడ్డాయి. ఆ రోజుల్లో తాను ప్రాణం తీసుకునే దాకా వెళ్ళానని 2018లో అతనే చెప్పాడు. అదే ఏడాది కెల్లీ మేరీ ట్రాన్ అనే వియత్నామీ అమెరికన్ నటి, మరో స్టార్ వార్స్ సినిమాలో నటించినందుకు వచ్చిపడిన జాత్యహంకారపు తిట్లు భరించలేక తన ఫొటోలన్నీ తీసేసింది. ఆమె తల్లిదండ్రులు మనలాగే వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఆ తిట్లు తిట్టినవాళ్ళంతా స్టార్ వార్స్ మీద ప్రేమతో తిడుతున్నామనే అనుకున్నారు.

నేను ఎవరికీ ఉత్తరాలు రాయలేదు. కానీ ఆ శనివారం మా ఇంటి హాల్లో ఒక పాత్ర వచ్చీరాని ఇంగ్లీషుని వెక్కిరించింది నేనే. నా ఇంగ్లీషుకి ఆఫీసులో ఎన్నిసార్లు మొహాలు చూసుకున్నారో తెలిసిన నేను. పక్కగదిలో ఇంగ్లీషు రాని మా నాన్నగారు పడుకుని ఉండగా.

మూడేళ్ళ కిందట ఇల్లు మారుతుంటే గరాజ్‌లో ఒక అట్టపెట్టె అడుగున జార్ జార్ బొమ్మ దొరికింది. మా అబ్బాయికి చూపిస్తే, "ఆ పార్టీ మర్నాడు నేనే పెట్టేశాను డాడీ" అన్నాడు. మామూలుగానే అన్నాడు. తాతయ్యకి నచ్చింది కదా, తాతయ్యకి కూడా బుర్ర లేదేమో అని చాలా రోజులు అనుకున్నాడట.

2024 మేలో పాతికేళ్ళైన సందర్భంగా ఆ సినిమా మళ్ళీ హాళ్ళలో వేశారు. మా అబ్బాయి ఫోన్ చేసి, "పాపని తీసుకెళ్తున్నాను. నువ్వూ వస్తావా? మాట్లాడకుండా చూడాలి మరి" అన్నాడు. వెళ్ళాను. హాలు నిండా వాడి ఈడు వాళ్ళే, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని. అంతకు ముందు సంవత్సరమే ఆహ్మద్ బెస్ట్ "ది మాండలోరియన్"లో పసివాణ్ణి కాపాడే వీరుడిగా కనిపిస్తే ఈ తరం వాళ్ళే చప్పట్లు కొట్టారు. మా మనవరాలు జార్ జార్ కనిపించినప్పుడల్లా నవ్వింది. మా నాన్నగారు ఉంటే బాగుండేదనిపించింది.

కార్లో మా వాడు అడిగాడు, "ఎలా ఉంది?" అని.

"పన్నుల గొడవ దగ్గర ఇప్పటికీ నిద్రొస్తోందిరా" అన్నాను. "నాకూ అంతే" అన్నాడు. అప్పుడు, ఆ పార్టీ రోజు అలా మాట్లాడినందుకు తప్పైపోయిందని చెప్పాను. వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "పర్లేదు డాడీ" అన్నాడు. పాతికేళ్ళు పట్టింది నాకు ఆ మాట అనడానికి.

లూకాస్ 2012లో కంపెనీని డిస్నీకి 400 కోట్ల డాలర్ల పైచిలుకుకు అమ్మేసి తప్పుకున్నాడు. మనం క్షమించినా క్షమించకపోయినా ఆయనకు పోయేదేమీ లేదు. మనింట్లో మెట్ల మీద కూర్చుని వింటున్నవాళ్ళకు మాత్రం పోయేది ఉంది. నచ్చని సినిమాను నచ్చలేదనే చెప్పండి, గట్టిగానే చెప్పండి. చెప్పేముందు ఒకసారి మెట్ల వైపు చూడండి.

సెలవు. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. నమస్కారం.